కోరలు లేని గుమ్మడికాయ

మా అన్న చనిపోయిన ఏడాది మా ఇంట్లో దీపావళి లేదు. ఇంట్లో చావు జరిగితే ఏడాది దాకా పండుగ చేయరు కాబట్టి అది ఎలాగూ ఉండదు. కానీ మంచం కింద దీపావళి సరుకంతా అలాగే ఉండిపోయింది. చీల్చి నున్నగా గీసిన వెదురు బద్దలు, కట్టిపెట్టిన చట్రాలు, చుట్టలుగా చుట్టిన నారింజరంగు కాగితం, తోకలకని కత్తిరించిన బంగారురంగు జాలర్లు. ఊడ్వడానికి వంగినప్పుడల్లా చీపురు వాటికి తగిలేది.

బొంబాయిలో దీపావళికి ప్రతి ఇంటి ముందూ వేలాడే కాగితపు లాంతరును కందిల్ అంటారు. ఏటా మేమిద్దరం కలిసి కందిళ్ళు చేసేవాళ్ళం. అన్న చేసేది రంగులు వేసే పని. వానాకాలంలో బయటి గోడలకు రంగు వేసే పని ఉండదు. ఆ రోజుల్లో ఆయన మా చాల్‌లో, అంటే వరసగా ఒంటిగది ఇళ్ళున్న మా మేడలో, గదుల ముందరి గ్యాలరీలో గోడకు ఆనుకుని కూర్చుని వెదురు చీల్చేవాడు. గణపతి నిమజ్జనం అయ్యాక నేను మైదాపిండి లై ఉడికించి కాగితాలు అతికించడం మొదలుపెట్టేదాన్ని. అందరూ నక్షత్రాలు చేస్తే అన్న గుండ్రటివి చేసేవాడు. వెదురును గుండ్రంగా వంచడం అంత తేలిక కాదు, తొందరపడితే టప్పున విరుగుతుంది. ఆయన దాన్ని నానబెట్టి, మోకాలి మీద పెట్టుకుని, అలిగిన మనిషిని బుజ్జగిస్తున్నట్టు కొద్దికొద్దిగా వంచేవాడు. ఆ పని చేస్తున్నంతసేపూ పక్కన ఎవరు మాట్లాడినా ఊఁ అనేవాడు కానీ తల ఎత్తేవాడు కాదు.

నేను పెళ్ళయిన కొన్నేళ్ళకే పుట్టింటికి తిరిగి వచ్చేశాను. ఎందుకొచ్చావని అన్న అడగలేదు. అటక మీద నా పెట్టెకు చోటు చేసి, "ఈడనే ఉండు" అన్నాడు. అంతే. అప్పటి నుంచి ఆ ఒక్క గదిలోనే అమ్మ, అన్న, వదిన, నేను. చాలా ఏళ్ళకు, ఇక ఆశ వదులుకున్నాక, అన్నావదినలకు ఒక ఆడపిల్ల పుట్టింది. అన్న పోయేనాటికి దానికి ఎనిమిదేళ్ళు.

బతుకమ్మ మొదలైన వారంలోనే ఆయనకు జ్వరం తగిలింది. దోమల జ్వరమన్నారు. అందరికీ వస్తుంది, అందరికీ పోతుంది అనుకున్నాం. ఒక మధ్యాహ్నం లేచి నిలబడబోయి, గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయాడు. టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. వదిన ఆయన దగ్గర ఉండిపోయింది. నేను అమ్మనూ పిల్లనూ చూసుకోవడానికి ఇంటికి వచ్చేశాను. సద్దుల బతుకమ్మ ఇంకా రాకముందే కబురు వచ్చింది. ఆ సాయంత్రం దాదర్ నుంచి పూలు తెచ్చుకుని బతుకమ్మలు పేర్చుకున్న మా గల్లీ తెలంగాణ ఆడవాళ్ళు, మా చాల్ ముందు పాట ఎత్తకుండా, తలల మీద వాటిని పట్టుకుని చప్పుడు లేకుండా గల్లీ చివరికి నడిచి వెళ్ళి అక్కడ ఆడుకున్నారు.

పిల్ల ఏడవలేదు. శవాన్ని తెచ్చినప్పుడు దాన్ని పైఅంతస్తులో వాళ్ళింటికి పంపించాం. తిరిగొచ్చాక, పప్పా దేవుని దగ్గరికి పోయిండని అమ్మ చెప్పింది. ఎప్పుడొస్తాడని పిల్ల అడిగింది. ఆ తర్వాత రోజూ అడిగేది. బడిలోనూ గ్యాలరీలోనూ మరాఠీలో గలగలా మాట్లాడే పిల్ల, ఆ ఒక్క ప్రశ్నను మాత్రం తెలుగులోనే అడిగేది. పప్పాతో మరాఠీలో మాట్లాడితే ఆయన పలికేవాడు కాదు, అందుకని ఆయన సంగతులన్నీ దానికి తెలుగులోనే ఉండేవి.

వదిన మాత్రం ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేది కాదు. దినాలు అయ్యాక ఆఫీసులు ఊడ్చే పనికి మళ్ళీ పోవడం మొదలుపెట్టింది. వచ్చి వండేది, గిన్నెలు తోమేది, గోడవైపు తిరిగి పడుకునేది. ఆసుపత్రిలో చివరి రోజు ఏం జరిగిందో మాకు ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మకు అది మనసులో గుచ్చుకునేది. కన్నకొడుకు చివరి మాట తనకు తెలియకుండా కోడలు దాచుకున్నదని ఆమె బాధ. పైకి అనేది కాదు కానీ, కోడలు వడ్డించిన కంచం అందుకునేటప్పుడు మొహం చూసేది కాదు.

నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ అవతల, పడమటివైపు, ఒక చిన్నపిల్లల బడిలో ఆయాగా పనిచేస్తాను. మూడు నాలుగేళ్ళ పిల్లలు. అక్కడ గణపతీ చేస్తారు, క్రిస్మసూ చేస్తారు, ఈ మధ్య హాలోవీన్ కూడా చేస్తున్నారు. ఆ పండుగకు గోడలకు గుమ్మడికాయలు, గబ్బిలాలు, దయ్యాలు అతికించాలి. దీపావళి సెలవుల తర్వాత పెద్ద మిస్ మమ్మల్ని పిలిచి, ఈసారి కొత్తగా ఏమీ కొనేది లేదు, బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్, బీరువాలో మిగిలిన క్రాఫ్ట్ సామానుతోనే అలంకరణ చెయ్యాలి అని చెప్పింది. బీరువా తెరిస్తే నల్ల చార్ట్ కాగితాలు దొరికాయి. నిరుటి క్రిస్మస్ మంచుబొమ్మ నుంచి ఊడిన దూది, ఉన్ని ముక్కలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, కదిలే గుడ్లున్న ప్లాస్టిక్ కళ్ళు కూడా ఉన్నాయి. నారింజరంగు మాత్రం ఒక్క ముక్క లేదు. గుమ్మడికాయలు దేనితో చెయ్యాలని పిల్లల మిస్‌లు తల పట్టుకున్నారు. నా దగ్గర ఉంది మిస్, తెస్తాను అన్నాను.

తొందరపడి అన్న మాట కాదు. అంతకు ముందురోజే అమ్మ మంచం కింది మూటను బయటికి లాగి, వెదురంతా నీళ్ళ పొయ్యిలో పెట్టేద్దాం, చూసినకొద్దీ కడుపు మండుతున్నది అన్నది. వదిన ఏమీ అనకుండా మూటను మళ్ళీ లోపలికి తోసింది. కాల్చడం కంటే పిల్లలు చూసి సంతోషించడం నయం కదా అనిపించింది నాకు.

ఆ సాయంత్రం గది మధ్యలో చాప వేసి మూట విప్పాను. గుండ్రటి చట్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మనిషి లేడు, ఆయన వేసిన దారపు ముడులు మాత్రం అలాగే బిగువుగా ఉన్నాయి. పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని, అడగకుండానే కత్తెర అందుకుంది. ఏటా మాతోపాటు కూర్చుని జాలర్లు కత్తిరించిన పిల్లే కదా, ఎంత లై పూయాలో, కాగితం ముడత పడకుండా ఎక్కడ నొక్కాలో దానికి తెలుసు. ఇద్దరం కలిసి చట్రానికి నారింజరంగు కాగితం చుట్టాం. నల్ల చార్ట్ నుంచి మూడు మూలల కళ్ళు, కోరలున్న నోరు కత్తిరించి అతికించాం. పైన ఆకుపచ్చ ఉన్నితో తొడిమ. దీపావళి కందిల్ కాస్తా పళ్ళికిలించే గుమ్మడికాయ అయిపోయింది.

అమ్మ మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగింది. ఇంట్లో చావైన నెలలోనే దయ్యాల బొమ్మలు చేస్తారా, ఇదేం పండుగ అని. బడిలో మిస్ పిల్లలకు చెప్పిందే నేనూ చెప్పాను. ఆ రోజు చచ్చిపోయినవాళ్ళు తిరిగి వస్తారని వాళ్ళ నమ్మకం, చెడ్డవి దగ్గరికి రాకుండా ఇలా భయపెట్టే మొహాలకు దీపం పెట్టి బయట ఉంచుతారు అని.

"మనోళ్ళు పెత్రమాస నాడు వస్తరు," అన్నది అమ్మ. "ఇంత బువ్వ, ఇన్ని నీళ్ళు పెడితే తృప్తిగ పోతరు. గీ కోరలు, గీ గబ్బిలాలు మనకెందుకు?"

పిల్ల కత్తెర ఆపింది. "పెత్రమాస ఎప్పుడు నాయ్‌నమ్మా?"

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చే రోజు. అన్న ఆ రోజు బతికే ఉన్నాడు. నాన్న పేరు మీద ఆయనే బియ్యమిచ్చి వచ్చాడు.

"అయిపాయె బిడ్డా," అన్నది అమ్మ. "మళ్ళ వచ్చే యేడాదికే."

"మరి ఈ పండుగ?"

శుక్రవారం అని నేను చెప్పాను. బడికి కావలసినవన్నీ అయ్యాక, పిల్ల ఒక చట్రం పక్కకు జరిపి పెట్టుకుంది. దానికి కాగితం చుట్టడంలో నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. ప్లాస్టిక్ కళ్ళు రెండు అతికించి, నల్ల కాగితంతో ఒక మీసం, దాని కింద సన్నగా ఒక నవ్వు కత్తిరించి పెట్టింది. ఇది ఎక్కడికి అని అడిగితే, మనింటికి అన్నది. కోరలు పెట్టలేదేం అన్నాను.

"కోరలుంటె పప్పా భయపడి యెనకకు పోతడు గదా," అన్నది.

వంటగట్టు దగ్గర చపాతీ పిండి పిసుకుతున్న వదిన చేతులు ఆగాయి. వెనక్కి మాత్రం తిరగలేదు. నేను పిల్లకు ఏదో ఒకటి చెప్పాలి. రాడమ్మా అని చెప్పాలి. అమ్మ వైపు చూశాను. ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

శుక్రవారం బడిలో గుమ్మడికాయలన్నీ వెలిగాయి. పిల్లలు నల్ల అంగీలు, కొమ్ముల టోపీలు వేసుకుని వచ్చారు. ఒక బుజ్జిగాడు తన అంగీని అద్దంలో చూసుకుని తనే జడుసుకుని ఏడిస్తే, వాణ్ణి ఎత్తుకుని గదంతా తిప్పాను. ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన తల్లుల్లో ఒకావిడ ఒక లాంతరును కిందికి దించి, తిప్పితిప్పి చూసి, ఇంత గుండ్రంగా చట్రం ఎవరు చేశారని హిందీలో అడిగింది. మా అన్న చేస్తాడు అన్నాను. చేస్తాడు అనే వచ్చింది నోటికి. తన పాప పుట్టినరోజుకు ఇలాంటివి కావాలి, ఆయన నంబరు ఇస్తావా అని అడిగింది. ఇప్పుడు ఆయనకు వీలు కాదు మేడమ్ అని, చేతిలోని పిల్లవాడికి ముక్కు తుడవాలన్నట్టుగా పక్కకు వచ్చేశాను. ఆ తర్వాత చేతులు కడుక్కునే చోట చాలాసేపు నిలబడ్డాను.

నేను ఇంటికి చేరేసరికి పిల్ల గ్యాలరీలో స్టూలు వేసుకుని నిలబడి ఉంది. పప్పా కందిల్‌ను ఎక్కడ కడితే మెట్లెక్కేవాళ్ళకు ముందు అదే కనబడుతుందో చూస్తోంది. అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఏడాది తిరగని ఇంటి ముందు కందిల్ కడితే నలుగురూ ఏమనుకుంటారని ఆమె గొడవ. ఇది కందిల్ కాదని పిల్ల వాదన. దీపావళి ఎప్పుడో అయిపోయింది కదా, ఇది వేరే పండుగ అంటోంది. పక్కింటివాళ్ళు తలుపుల్లోంచి చూస్తున్నారు. అప్పుడే పని నుంచి వదిన వచ్చింది. ఎవరి మాటా వినిపించుకోకుండా చేతిసంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, పిల్లను స్టూలు మీద నుంచి దించి, తానే ఎక్కి కట్టింది. వైరు లాగి బల్బు పెట్టింది. మీసమున్న గుమ్మడికాయ గ్యాలరీ అంతా నారింజరంగు వెలుగు పరిచింది. అమ్మ గుమ్మం వదిలి పక్కకు జరిగింది. లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

పిల్ల గడప మీద కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు అయినప్పుడల్లా మెడ చాచి చూసేది. డ్యూటీ నుంచి వచ్చేవాళ్ళు, పాలప్యాకెట్లు తెచ్చేవాళ్ళు, క్రికెట్ ఆడి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే దాటిపోయారు. అన్నం తినమంటే గబగబా తిని, చెయ్యి కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు లేచి లోపలికి పోయి, స్టీలు గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుని, తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చి గడప పక్కన పెట్టింది. నాయనమ్మ చెప్పిన మాట మరిచిపోలేదన్నమాట.

"అంత దూరంకెళ్ళి వస్తడు. దూప అయితది గదా," అన్నది నాతో.

లోపల గిన్నె ఒకటి కింద పడింది. చూస్తే వదిన కిందికి జారి కూర్చుండిపోయింది. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. ఏడుపు కాదు, ఊపిరి అందనట్టు ఒక శబ్దం. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను. వదినా, వదినా అంటున్నాను. నెల దాటాక ఆమె నోరు విప్పింది.

"నీళ్ళడిగిండు," అన్నది. "ఆఖర్న నీళ్ళే అడిగిండు. గొట్టం ఎయ్యాలె, తాగించొద్దు అన్నరు. నా చెయ్యి పట్టుకొని అడిగిండు. జర ఆగు, గొట్టం తీసినంక తాగుదువు అన్న. బట్ట తడిపి పెదవులకు అద్దిన, గంతే. ఇయ్యలే నేను. ఎట్ల జెప్పాలె మీకు? దూపతోనే పంపిన ఆయనను."

పక్కింటి టీవీ వినబడుతోంది. అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, మోకాళ్ళ నొప్పితో నేల మీద కూర్చోలేని మనిషి ఎలాగో కూర్చుంది. అన్నాళ్ళూ మొహం చూడని కోడలి తలను ఒడిలోకి లాక్కుంది. నురగ చేతులను తన చీరకొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

పిల్ల గడప దగ్గర నుంచి అంతా విన్నది. లేచి వచ్చి తల్లి ముందు నిలబడి, పెద్దమనిషిలా చెప్పింది.

"ఇప్పుడు తాగుతడు తియ్ అమ్మా. గ్లాసు నిండ పెట్టిన."

వదిన దాన్ని దగ్గరికి తీసుకుని, అప్పుడు ఏడ్చింది. అందరం ఏడ్చాం. పిల్ల మాత్రం తల్లి భుజం మీదుగా మెట్ల వైపు చూస్తూనే ఉంది. చివరికి మళ్ళీ గడప మీద కూర్చుని, ద్వారబంధానికి తల ఆనించి అక్కడే నిద్రపోతే, ఎత్తుకొచ్చి పడుకోబెట్టాం. నేను బల్బు ఆర్పబోతే, ఉండనియ్ అన్నది అమ్మ. తలుపు కూడా వెయ్యనివ్వలేదు.

మా చాల్‌లో తెల్లవారుజామునే నల్లా వస్తుంది. బకెట్ల చప్పుడుకు మెలకువ వచ్చి కళ్ళు తెరిచాను. వదిన గడప దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ముందు గ్లాసు, పిల్ల పెట్టినంత నిండుగా అలాగే ఉంది. రాత్రి ఎగిరిపడిన ఒక చిన్న పురుగు నీళ్ళ మీద తేలుతోంది. వదిన దాన్ని వేలితో తీసి పారేసింది. గ్లాసు ఎత్తి, ఒక్క గుక్క కూడా ఆపకుండా మొత్తం తాగింది. ఖాళీ గ్లాసును మళ్ళీ అదే చోట పెట్టింది. లేస్తూ నన్ను చూసింది. నేను చూశానని ఆమెకు తెలుసు. బకెట్ అందుకుని నల్లా దగ్గరికి వెళ్ళింది.

పిల్ల లేస్తూనే గడప దగ్గరికి పరుగెత్తింది. గ్లాసును ఎత్తి లోపలికి చూసింది, బోర్లించి చూసింది. సంతోషంతో గెంతుతుందనుకున్నాను. గెంతలేదు. గ్లాసును గుండెకు ఆనించుకుని, నెమ్మదిగా గ్యాలరీ వెంట నల్లా దాకా నడిచింది. వరసలో ఉన్న ఆడవాళ్ళకు చెప్పింది, మా పప్పా వచ్చిపోయిండని. కిందింటి ముసలమ్మ ఒకతి, తన బిందెను పక్కకు జరిపి, పిల్ల తల నిమిరి అడిగింది.

"ఏమన్నడే?"

"ఏమనలే. నీళ్ళు తాగి పోయిండు."

ఆ ఆడవాళ్ళందరూ వదిన వైపు చూశారు. వదిన నల్లా కింద బకెట్ నిండుతుంటే దాన్నే చూస్తోంది. కాదని ఒక్కరూ అనలేదు. ముసలమ్మ మాత్రం, మంచిగైంది బిడ్డా, మంచిగైంది అని, తన వంతును వదినకే వదిలేసింది.

ఆ తర్వాత పిల్ల, పప్పా ఎప్పుడొస్తడని ఎప్పుడూ అడగలేదు. దానికి ఆయన వచ్చాడు, పోయాడు. అడగడం మానితే మాకు ఊరటగా ఉండాలి. ఉండలేదు. అది రోజూ అడుగుతున్నన్నాళ్ళూ ఆయన ఎక్కడో దూరపు సైటులో పని మీద ఉన్నట్టే ఉండేది. ఎదురుచూసే మనిషి ఒక్కరైనా ఇంట్లో ఉండేవారు. ఇప్పుడు ఎవరూ లేరు.

అన్న బట్టలను అప్పటిదాకా ఎవరం ముట్టుకోలేదు. ఆ ఆదివారం వదిన వాటిని కొయ్య మీద నుంచి తీసింది. పనికి వేసుకునే చొక్కాల నిండా రంగు చుక్కలు. ఏ చొక్కా ఏ బిల్డింగు పనినాటిదో ఆమె చెబుతూ ఉంటే నేను ఉతికాను. ఆయన గురించి ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదలు. పాలమూరు నుంచి కొత్తగా కూలిపనికి వచ్చి గల్లీ చివర ఉంటున్న వాళ్ళకు ఆ బట్టలు ఇచ్చేశాం. కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆ చొక్కాల్లో ఒకటి వేసుకుని, అన్నంతే పొడుగున్న మనిషి ఒకతను మా చాల్ కింది నుంచి పనికి పోతున్నాడు. అమ్మ గ్యాలరీ కటకటాలు పట్టుకుని, అతను మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగాక కూడా అక్కడే నిలబడింది.